మూడో వరుసలో నా కుర్చీ

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోయే రకం. పద్దెనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. మా పనిలో ఏ తప్పు జరిగినా ఎక్కడో ఒకచోట దాని జాడ నమోదై ఉంటుంది, దాన్నే లాగ్ అంటాం. అది చూపించకుండా "ఏమో సార్, దానంతట అదే అయింది" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మా టీమ్‌లో పిల్లలు చాటున నన్ను "లాగ్ చూపించు సార్" అని పిలుచుకుంటారని కూడా నాకు తెలుసు.

అలాంటి నేను ఇది రాస్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. వేరేవాళ్లు రాసి ఉంటే నేనూ నవ్వేవాణ్నే.

మాది పుప్పాలగూడ. ఇప్పుడు ముప్పై అంతస్తుల టవర్లు లేచిన చోట మా నాయన జొన్న వేసేవాడు. అక్క నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. అమ్మ చేనుకు పోతే నన్ను చంకనేసుకుని తిరిగింది అక్కే. తర్వాత చదువుకుని నార్సింగిలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరయింది. బావ చనిపోయి ఆరేళ్లు. వాళ్లకు పిల్లలు లేరు. తనవాళ్లని చెప్పుకోవడానికి ఆమెకు మిగిలింది నేనూ నా భార్యాబిడ్డలే.

ఇరవై రెండేళ్లు క్లాసుల్లో అరిచీ అరిచీ అక్క గొంతులో చిన్న గడ్డలు లేచాయి. ఆపరేషన్ చేశారు. గడ్డలైతే పోయాయి కానీ వాటితోపాటు ఆమె గొంతు కూడా పోయింది. తిరిగి వచ్చింది వేరే గొంతు, బొంగురుగా, మగవాళ్ల గొంతులా లోతుగా. క్లాసులో పిల్లలు ఆ గొంతును అనుకరించి నవ్వేవాళ్లట. స్కూలువాళ్లు ఆమెను లైబ్రరీకి మార్చారు. అంతకుముందు వంట చేస్తూ ఏదో ఒకటి పాడుకునే మనిషి, పాట మానేసింది. ఫోన్ చేస్తే ఎత్తదు, మెసేజ్ పెడుతుంది. నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇంకా చెప్పాలంటే ఫోన్ మాట్లాడే పని తప్పిందనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

స్కూలు వార్షికోత్సవానికి కోకాపేట నుంచి నిర్మల గారని ఒకావిడ వచ్చారు. కాకినాడ ఆవిడ, సంగీతం టీచరుగా రిటైరయ్యారు. వాళ్ల అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ముప్పై మందిని పోగుచేసి బృందగానం నేర్పిస్తున్నారు. అందరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్లే. అక్క ఆవిడకు మంచినీళ్లు ఇస్తూ ఏదో మాట్లాడింది. ఆవిడ గ్లాసు పక్కన పెట్టేసి, "ఈ గొంతు కోసమే వెతుకుతున్నానండి, దొరకడం లేదు" అన్నారట. ఈ మాట అక్క నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

బృందగానం అంటే అందరూ కలిసి ఒకే పాట పాడటమనుకునేవాణ్ని. కాదట. ఒక్కో గుంపుకు ఒక్కో స్వరాల వరుస ఉంటుంది, అవన్నీ కలిస్తేనే పాట. అక్కది ఆడవాళ్లలో కింది వరుస. ఎవరి వరుస వాళ్లకు నిర్మల గారు వాట్సాప్‌లో పంపిస్తారు, ఇంట్లో సాధన చేసుకుని ఆదివారం వెళ్లి కలపాలి. అక్క వరుస విడిగా వింటే అది పాటలానే ఉండదు. ఒకే స్వరం మీద చాలాసేపు నిలబడి, కాస్త కిందికి దిగి, మళ్లీ అక్కడే నిలబడుతుంది.

ఒకరోజు వాళ్లింటికి వెళ్తే చపాతీలు చేస్తూ అదే సాధన చేస్తోంది. "ఏందక్కా, మిక్సీ నడిచినట్టు ఒక్కటే పట్టుకున్నవు?" అన్నాను. నవ్వించడానికే అన్నాను. ఆమె నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు.

"ఇంట్ల ఇంటె గిట్లనే ఉంటది తమ్మీ. అందరితోని కలిసినంక వచ్చి ఇను, అప్పుడు చెప్పు" అంది.

కచేరీ ఖాయమయింది. హైటెక్ సిటీ దగ్గర ఒక చిన్న ఆడిటోరియం, ఆదివారం సాయంత్రం నాలుగింటికి. నాట్లప్పుడు పాడుకునే పాటల బాణీలు తీసుకుని నిర్మల గారు కట్టిన ఐదు పాటలు. చివరి పాట మొదట్లో నాలుగు పంక్తులు అక్క ఒక్కతే పాడాలి. ఏ వాయిద్యమూ ఉండదు. ఆ తర్వాత మిగిలినవాళ్లందరూ అందుకుంటారు.

అక్క వణికిపోయింది. మధ్యలో గొంతు ఆగిపోతే ఎట్లా అని. డాక్టరు కూడా ఏ హామీ ఇవ్వలేదు. కొత్తగా పాడేవాళ్లకు నిర్మల గారిది ఒక పద్ధతి ఉంది. హాల్లో మనకు బాగా కావలసిన ఒక్క మనిషిని ముందే అనుకోవాలి, ఆ మనిషి ఎక్కడ కూర్చుంటాడో ముందే చూసి పెట్టుకోవాలి, పాడినంతసేపూ ఆ ముఖమే చూడాలి. అందుకని ప్రతి గాయకుడి తరఫునా ఒక కుర్చీకి పేరు అంటిస్తారు. అక్క నా పేరు ఇచ్చింది. మూడో వరుస, నడవ పక్క కుర్చీ.

"జర ఐతారం ఖాళీ పెట్టుకో తమ్మీ. నువ్వు రాకుంటె నేను ఎవల మొఖం చూసి పాడాలె? వస్తవా?"

"వస్త అక్కా, ఫికర్ చెయ్యకు" అన్నాను. ఆ రోజు వేసుకోమని తెల్ల చొక్కా కూడా కొనిచ్చింది. స్టేజీ మీది నుంచి తొందరగా కనపడుతుందట.

ఆ ఆదివారం నా భార్య పిల్లవాణ్ని తీసుకుని పెళ్లికి కరీంనగర్ వెళ్లింది. నాకు ఆఫీసులో రిలీజ్ ఉంది. కొత్త వెర్షన్ కస్టమర్లకు పంపే రోజు. పొద్దున్న ఎనిమిదింటికి మొదలై రెండింటికల్లా అయిపోవాలి. అయిపోలేదు. రెండున్నరకు ఏదో తేడా కనపడింది. మూడింటికి మా జూనియర్ మేనేజర్, రాజమండ్రి అబ్బాయి, "మీరు వెళ్లండి సార్, నేను చూసుకుంటానండి" అన్నాడు. అతను చూసుకోగలడు. అది నాకప్పుడే తెలుసు. కానీ కుర్చీలోంచి లేవలేకపోయాను. నేను లేకపోతే పని ఆగిపోతుందన్న పొగరు నాకు కొంచెం ఉంది. కొంచెం కాదు, బాగానే ఉంది.

మూడు యాభైకి అక్క నుంచి మెసేజ్. "ఫోన్లు సంచిలో వేయమంటున్నరు. వచ్చినవా?"

నేను టైపు చేశాను: "బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్. ఐదు నిమిషాల్లో ఉంట."

ఈ ఊళ్లో అందరం ఆడే అబద్ధమే. మంచం మీద ఉండి కూడా ట్రాఫిక్‌లో ఉన్నామంటాం. నేను ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఏడో అంతస్తులో స్క్రీన్ ముందు ఉన్నాను. మెసేజ్ పక్కన నీలం టిక్కులు పడ్డాయి. అంటే చూసింది, నమ్మింది, ఫోన్ సంచిలో వేసి స్టేజీ ఎక్కింది.

పని ఐదుంపావుకు తేలింది. తేల్చింది ఆ అబ్బాయే. నేను వెనక నిలబడి చూశానంతే.

నేను ఆడిటోరియం పార్కింగ్‌లో దిగేసరికి ఆరుకు పది నిమిషాలు తక్కువ. ఇంకా ఎండ ఉంది. జనం బయట టీ కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. ఖాళీ కుర్చీని చూస్తూ ఆమె గొంతు ఆగిపోయి ఉంటుందని, అందరి ముందూ నిలబడిపోయి ఉంటుందని నాకు ఖాయంగా అనిపించింది.

ఆకుపచ్చ చీరలో అక్క జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది. బావ పోయాక ఆమెను అలా చూడలేదు.

"ఎంత మంచిగ ఇన్నవు తమ్మీ! నువ్వు గట్ల కూసోని ఇంటవని అనుకోలే."

ఎత్తిపొడుస్తోందనుకున్నాను. తల దించుకుని నిలబడ్డాను. అప్పుడు ఆమె నా చొక్కా వైపు చూసింది. "ఇగో, తెల్ల అంగీ ఎప్పుడు ఇడిసినవ్?"

నేను కంపెనీ టీషర్ట్ మీద ఉన్నాను. నోటికి ఏదొస్తే అది చెప్పాను. టీ ఒలికింది, కార్లో మార్చుకున్నాను అన్నాను. ఆమె చాలా మామూలుగా తలూపింది.

ఇంతలో నిర్మల గారు వచ్చారు. నన్ను చూడగానే నమస్కారం పెట్టారు. "మీరేనా అండి తమ్ముడు గారు? చివర్లో అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే మీరొక్కరే అలా కూర్చుండిపోయారు. అదీ వినడమంటే. మా వాళ్లందరికీ మిమ్మల్నే చూపించానండి" అన్నారు.

ఇది ఎత్తిపొడుపు కాదని నాకు అప్పుడు అర్థమైంది. అక్క పొరపాటు పడి ఉండొచ్చు, స్టేజీ మీద లైట్లు కళ్లలో కొడతాయి. ఈవిడ అయితే పాటలు అయ్యాక హాలు వైపు తిరిగి నిలబడ్డారు. మూడో వరుస అంటే మూడు గజాల దూరం.

ఆ క్షణాన నిజం చెప్పి ఉండాల్సింది. "నేను రాలేదక్కా, ఇప్పుడే వచ్చిన" అనాలి. నాలుగు మాటలు. ఆమె ముఖం చూశాక మానేశాను. ఇప్పుడు చెప్తే ఆ వెలుగంతా ఆరిపోతుందనుకున్నాను. కానీ ఆలోచిస్తే అది ఆమె మీద జాలి కాదు. ఊరికే దొరికిన మంచిపేరు, ఎందుకు వదులుకోవాలన్న కక్కుర్తి.

ఇంటికి వెళ్లగానే బీరువా తెరిచాను. తెల్ల చొక్కా ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. కాలర్ కింద అట్ట, గుండుసూదులు అన్నీ ఉన్నాయి. సోమవారం ఆఫీసులో గేటు దగ్గర గీకే నా ఐడీ కార్డు వివరాలు తీయించుకున్నాను. పొద్దున్న ఏడు యాభై రెండుకు లోపలికి, సాయంత్రం ఐదు ఇరవై ఆరుకు బయటికి. మధ్యలో ఒక్కసారి కూడా గేటు దాటలేదు. నాకు తెలియక కాదు. నన్ను నేను నమ్మలేక చూసుకున్నాను.

ఎవరో నాలాంటివాడు వచ్చి ఖాళీగా ఉందని ఆ కుర్చీలో కూర్చున్నాడని సరిపెట్టుకున్నాను. ఊళ్లో తెల్ల చొక్కాలకు కరువా? వారం రోజులు అలాగే గడిపాను.

ఆ తర్వాతి ఆదివారం అక్క ఒక కార్డు తెచ్చి చూపించింది. కచేరీ అయ్యాక విన్నవాళ్లు తమకు ఏమనిపించిందో రెండు ముక్కలు రాసి డబ్బాలో వేయాలి. అందరివీ ఇంచుమించు ఒకలాగే ఉంటాయట, అద్భుతం, అమోఘం అని. నిర్మల గారు సాధనలో అన్నీ చదివి వినిపించి, ఈ కార్డు మాత్రం అక్కకు ఇచ్చేశారు. కింద పేరు లేదు. నా కుర్చీ నంబరు ఉంది.

తెలుగులో ఉంది. "ఇంట్లో విన్నప్పుడు ఈ వరుస పాటలా లేదు. ఇక్కడ అది తీసేస్తే మిగిలినవాళ్లు నిలబడటానికి చోటు లేదు. ఆఖరి పాటలో రెండో పంక్తి అయ్యాక అక్క ఊపిరి తీసుకోలేదు. నాకు భయమేసింది."

నేను తెలుగు చేత్తో రాసి ఇరవై ఏళ్లయింది. అవి నా అక్షరాలే అని ప్రమాణం చేయలేను, కావని కూడా చేయలేను. 'ళ' చివర తోక మాత్రం నేను చిన్నప్పుడు అక్క దగ్గర నేర్చుకున్న పద్ధతిలోనే ఉంది. కానీ అదంత పెద్ద సంగతి కాదు.

"గా ఊపిరి ముచ్చట నీకెట్ల తెలిసిందిరా?" అక్క అడిగింది. "ఆడ ఆగాలె. మేడమ్ గట్లనే నేర్పింది. ఆగితె మల్ల గొంతు లేస్తదో లేదో అని నేను ఆగలే. నా పక్కన నిలబడ్డోళ్లకు గూడ తెల్వలే."

ఆమె నా జవాబు కోసం ఆగలేదు. కార్డును పర్సులో పెట్టుకుంది. ఇప్పటికీ అందులోనే ఉంది.

ఆ కచేరీ తర్వాత అక్క మారిపోయింది. మళ్లీ క్లాసులు అడిగి తీసుకుంది. ఫోన్ ఎత్తుతోంది. ఆమె గొంతు బొంగురుగానే ఉంది, కానీ ఇప్పుడు ఆమె దాన్ని దాచుకోవడం లేదు. ఎవరింటికి వెళ్లినా ఈ కథ చెప్తుంది. మా తమ్ముడు అంత పెద్ద నౌకరి పెట్టుకుని కూడా వచ్చి కదలకుండా కూర్చున్నాడని, కన్నార్పలేదని. చుట్టాల ముందు నేను ఆ పొగడ్తంతా మింగుతూ కూర్చోవాలి. ఆ కచేరీని ఎవరూ రికార్డు చేయలేదు, అక్కడ ఫోన్లు తెరవనివ్వరు. అక్క ఆ నాలుగు పంక్తులు ఎలా పాడిందో నాకు తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు.

ఆరు నెలలకు ఇంకో కచేరీ పెట్టారు. అదే హాలు, అదే పాటలు, ఇంకో రెండు కలిపి. ఈసారి సెలవు పెట్టాను. తెల్ల చొక్కా సూదులు పీకి వేసుకున్నాను. మూడింటికే వెళ్లి కూర్చున్నాను. తలుపు దగ్గర పేర్లు చూసి పంపిస్తున్న పెద్దాయన నన్ను చూసి, "రండి రండి, మీ సీటు మీకు తెలుసుగా" అన్నాడు.

కూర్చున్నాను కానీ నా ప్రాణం నా దగ్గర లేదు. ఎవరు లోపలికి వచ్చినా వెనక్కి తిరిగి చూశాను. పక్కవాడి ముఖం చూశాను. తలుపు చప్పుడైతే చాలు, ఇంకొకడెవడో వచ్చి "ఇది నా కుర్చీ" అంటాడనుకున్నాను. పాటలు మొదలయ్యాయి. ముప్పై గొంతులు కలిసి లేచాయి. ఒక నిమిషం నిజంగానే ఒళ్లు జలదరించింది. అంతలోనే అక్క వరుస ఏదో వెతకడం మొదలుపెట్టాను. దొరికిందనుకునేసరికి పాట అయిపోయేది.

ఆఖరి పాట. అక్క ఒక్కతే ముందుకొచ్చింది. నన్నే చూస్తోంది. నేను పంక్తులు లెక్కపెడుతున్నాను. రెండో పంక్తి దగ్గర ఊపిరి తీసుకుంటుందా లేదా అని ఆమె మెడ వైపే చూస్తున్నాను. తీసుకుంది. హమ్మయ్య అనుకున్నాను. ఇంతలో మూడో పంక్తి అయిపోయింది, నాలుగోది కూడా. మిగిలినవాళ్లు అందుకున్నారు. చివరి స్వరం ఇంకా గాలిలో ఉండగానే నేను లేచి చప్పట్లు కొట్టాను. హాల్లో మొదట కొట్టింది నేనే. చేతులూపుతూ పాట నడిపిస్తున్న నిర్మల గారి చేతులు ఇంకా పైనే ఉన్నాయి.

బయట అక్క నా దగ్గరికి వచ్చింది. నవ్వుతూనే ఉంది. నా చొక్కా కాలర్ సర్దింది. "ఇయ్యాల నీ మనసు ఈడ లేదు తమ్మీ. ఏమన్న పరేషాన్ ఉన్నదా?"

"లేదక్కా, మస్తు పాడినవు" అన్నాను.

"పోయినసారి ఇన్నట్టు ఇనలే నువ్వు. పోనీ తియ్యి. గా ఒక్కసారి ఇన్నవు గద, నాకు సాలు" అంది. అని వేరేవాళ్లు పిలిస్తే అటు వెళ్లింది.

ఆమెకు ఇంతవరకు చెప్పలేదు. చెప్తే నమ్మదు. నమ్మితే ఇంకా కష్టం. ఆ ఆదివారం నాలుగింటికి ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారో నేను తేల్చలేకపోయాను, ఎంత ఆలోచించినా ఒక దారీ దొరకడం లేదు. మొదట్లో తలచుకుంటే భయమేసేది. ఇప్పుడు వాడి మీద అసూయగా ఉంది. ఎవడైనా సరే, మా అక్క పాట విన్నది వాడు. ఆమె మెచ్చుకునే తమ్ముడు వాడే, నేను కాదు.